కుక్కకు పిడుదులు పట్టకుండా: కడప ఇళ్లకు తగిన సమగ్ర మార్గదర్శి

కుక్క ఒంటి మీద పిడుదు కనబడగానే చాలామంది దాన్ని పీకి, నేల మీద వేసి రాయితో నలిపేసి, పీడ వదిలిందనుకుంటారు. వారం తిరగకముందే అదే కుక్క చెవిలో మరో నాలుగు కనిపిస్తాయి. మందు పనిచేయలేదని మందు మారుస్తారు, షాంపూ మారుస్తారు, చివరికి కుక్కనే ఇంటి బయట కట్టేస్తారు. ఎక్కువ సందర్భాల్లో తప్పు మందుది కాదు. ఏ రోజు చూసినా పిడుదుల్లో అధిక భాగం కుక్క మీద ఉండదు. గోడ సందుల్లో, గడప కింద, నులక మంచం పట్టెల్లో, కుక్క పడుకునే గోనెసంచి మడతల్లో ఉంటుంది. కుక్కకు ఒక మందు, గోడకు ఒక మందు, మధ్యలో ఆగని లెక్క: ఈ మూడూ కలిస్తేనే ఫలితం కనిపిస్తుంది. కడపలో నాపబండలతో కట్టిన ఇళ్లకు, బండల మిద్దెలకు ఈ మాట మరీ వర్తిస్తుంది. బండకూ బండకూ మధ్య సున్నం రాలిన ప్రతి సందూ పిడుదుకు నీడ పట్టున ఉండే ఇల్లే.

ఏ జబ్బుకు భయపడాలి

కుక్కలు, పిడుదులు అని ఫోనులో వెతికితే ముందు వచ్చేది లైమ్ వ్యాధి. అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊరి పరిసరాల్లో 1975లో పిల్లలకు అంతుపట్టని కీళ్ల వాపులు రావడంతో దాని మీద పరిశోధన మొదలైంది. విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదుల్లో ఆ జబ్బు తెచ్చే బ్యాక్టీరియాను కనిపెట్టారు. అందుకే దానికి బొరేలియా బర్గ్‌డార్ఫెరి అని పేరు. దాన్ని మోసేవి ఇక్సోడిస్ జాతి పిడుదులు. వాటికి చల్లదనం, తేమ, రాలిన ఆకుల మెత్తటి పొర కావాలి. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే కడప ఎండకు, ముళ్లపొదల నేలకు అవి తట్టుకునే రకం కావు.

మన కుక్కల మీద కనిపించేది గోధుమరంగు కుక్క పిడుదు, శాస్త్రీయంగా రైపిసెఫాలస్ సాంగ్వినియస్. ఇది ఎండకు, పొడి గాలికి బాగా అలవాటుపడింది. అడవి అవసరం లేకుండా ఇంట్లోనే తరాల తరబడి బతుకుతుంది. ఇది అంటించే జబ్బుల్లో ముఖ్యమైనది ఎర్లీకియోసిస్. ఎర్లీకియా కేనిస్ అనే సూక్ష్మజీవి తెల్లరక్తకణాల్లో చేరి, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. బెబీసియా అనే మరో సూక్ష్మజీవి ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది. అనాప్లాస్మా, హెపటోజూన్ అనే సూక్ష్మజీవులు కూడా ఈ పిడుదుతో ముడిపడినవే. హెపటోజూన్ మాత్రం పిడుదు కాటుతో రాదు, కుక్క పిడుదును నోటితో కొరికి మింగినప్పుడు వస్తుంది.

లైమ్ వ్యాధికీ ఎర్లీకియోసిస్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. లైమ్ బ్యాక్టీరియా కుక్కలోకి చేరాలంటే పిడుదు సాధారణంగా ఒకటి రెండు రోజులు పట్టుకుని ఉండాలి. రోజుకోసారి చూసి తీసేస్తే దాదాపు గట్టెక్కినట్టే. ఎర్లీకియాకు అంత సమయం అక్కర్లేదు, పిడుదు కరిచిన కొన్ని గంటల్లోనే చేరిపోగలదు. కాబట్టి ‘సాయంత్రం చూసి తీసేస్తాం, చాలు’ అనే అమెరికా సలహా ఒక్కటే ఇక్కడ సరిపోదు. కరవక ముందే ఆపే ఏర్పాటు కావాలి.

మొదటి పని: శత్రువు తిరిగే దారి తెలుసుకోవడం

గుడ్డు నుంచి ఆరు కాళ్ల పిల్ల బయటికొస్తుంది. కుక్కనెక్కి కొన్ని రోజులు రక్తం తాగి, కిందికి దిగి, సందులో దాక్కుని పొర విడుస్తుంది. ఎనిమిది కాళ్లతో మళ్లీ కుక్కనెక్కుతుంది, తాగుతుంది, దిగుతుంది, పొర విడుస్తుంది. పెద్దదై మూడోసారి ఎక్కుతుంది. రక్తం తాగని ఆడ పిడుదు దాదాపు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. తాగాక సెంటీమీటరు దాకా ఉబ్బి, బూడిదరంగు తిరిగి, అచ్చం ఆముదపు గింజలా కనిపిస్తుంది. అది రాలిపడి, సందు వెతుక్కుని, వేలకొద్దీ గుడ్లు పెట్టి చనిపోతుంది. వాతావరణం అనుకూలిస్తే ఈ చక్రమంతా రెండు నెలలకు కాస్త అటూ ఇటూగా పూర్తవుతుంది. రక్తం దొరకకపోయినా పెద్ద పిడుదు ఏడాదికి పైగా బతకగలదు. ‘ఆరు నెలలు ఇల్లు ఖాళీగా ఉంది, అన్నీ చచ్చి ఉంటాయి’ అనుకుని కొత్త కుక్కపిల్లను తెచ్చేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇంకో సంగతి. రక్తం తాగి దిగిన పిడుదులు నేల మీదే ఉండిపోవు, పైకి పాకుతాయి. కుక్క పడుకునే చోటికి ఎదురుగా ఉన్న గోడను టార్చిలైటుతో కింది నుంచి పైదాకా చూడండి. తలుపు చట్రానికీ గోడకూ మధ్య పగులు, స్విచ్ బోర్డు అంచు, మిద్దె దూలం గోడలో దిగే చోటు, పాత ఇళ్లలో దీపం పెట్టే గూడు లోపలి మూల. అక్కడ గోధుమరంగు గింజల గుంపులా గుడ్లు, వాటి పక్కనే విడిచిన ఖాళీ పొరలు, నల్లటి రెట్ట చుక్కలు కనిపిస్తే అది వాటి స్థావరమే.

రెండో పని: రోజూ తడిమి చూడటం

కళ్లతో కన్నా వేళ్లతో బాగా దొరుకుతాయి. సాయంత్రం తిరిగొచ్చాక కుక్కను పక్కన కూర్చోబెట్టుకుని, వెంట్రుకలకు ఎదురు దిశలో వేళ్లు పోనిస్తూ చర్మాన్ని తడమండి. పిడుదులు కోరుకునేది పలుచటి చర్మం, నక్కడానికి మడత. చెవి లోపల, చెవి అంచున ఉండే చిన్న చర్మపు జేబులో, కనురెప్పల దగ్గర, పెదవి మడతలో, మెడపట్టీ కింద, ముందుకాళ్ల చంకల్లో, గజ్జల్లో, తోక కింద, మరీ ముఖ్యంగా కాలివేళ్ల మధ్య చూడాలి. వేళ్ల సందులు చాలామంది మరిచిపోతారు. కుక్క ఊరికే పాదం నాకుతుంటే మొదట అక్కడే చూడండి.

ఆడకుక్క చన్నుమొనలను, పాత పులిపిర్లను పిడుదులనుకుని పీకబోయేవారున్నారు. పిడుదుకు చర్మం దగ్గర కాళ్లు కనిపిస్తాయి. కాళ్లు కనిపించకపోతే లాగకండి.

మూడో పని: సరిగా తీయడం

సన్నటి మొన ఉన్న ట్వీజరు, మూత ఉన్న చిన్న సీసాలో సర్జికల్ స్పిరిట్, చేతికి గ్లౌజు లేదా ప్లాస్టిక్ కవరు. ఇంతే సరంజామా. ట్వీజరుతో పిడుదు పొట్టను కాదు, చర్మానికి ఆనుకుని ఉన్న తల భాగాన్ని పట్టుకోవాలి. మెలితిప్పకుండా, గుంజకుండా, ఒకే బలంతో నిటారుగా పైకి లాగాలి. వెంటనే వదలకపోతే కొన్ని సెకన్లు అలాగే పట్టి ఉంచితే వదులుతుంది. నేరుగా స్పిరిట్‌లో వేసి మూత పెట్టండి. కరిచిన చోట పోవిడోన్ అయోడిన్ రాసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. నోటి ముక్క చర్మంలో ఉండిపోతే సూదితో కెలకవద్దు, కొన్నాళ్లకు చర్మమే దాన్ని బయటికి తోసేస్తుంది.

కిరోసిన్ పోయడం, అగరుబత్తితో కాల్చడం, సున్నం అద్దడం వద్దే వద్దు. అలా హింసిస్తే పిడుదు తన కడుపులోది కుక్క రక్తంలోకే కక్కే ప్రమాదం ఉంది, కుక్క చర్మమూ కాలుతుంది. గోళ్ల మధ్య పెట్టి చిదమడమూ మంచిది కాదు. ఈ పిడుదు మనుషులనూ కరుస్తుంది, మనుషులకు పిడుదు జ్వరం తెచ్చే సూక్ష్మజీవి దీనిలో ఉండవచ్చు. నేల మీద నలిపితే పగిలిన ఆడ పిడుదు గుడ్లు అక్కడే చెల్లాచెదురవుతాయి.

నాలుగో పని: కుక్కకు మందు

ఇక్కడ కాస్త నిలబడి ఆలోచించాలి, ఎందుకంటే డబ్బూ ప్రాణమూ రెండూ ఇక్కడే పోతుంటాయి.

ఇప్పుడు బాగా పనిచేస్తున్నవి నమిలే మాత్రలు. అఫోక్సోలానర్ ఉన్న నెక్స్‌గార్డ్ నెలకొకటి, సరోలానర్ ఉన్న సింపారికా నెలకొకటి, ఫ్లూరలానర్ ఉన్న బ్రావెక్టో పన్నెండు వారాలకొకటి. ఇవి రక్తంలో కలుస్తాయి. పిడుదు కరిచి తాగితే చస్తుంది. అంటే కరవకుండా ఆపవు. స్నానం చేయించినా, వానలో తడిసినా ప్రభావం తగ్గదు. ఎనిమిది వారాల లోపు కుక్కపిల్లలకు ఇవ్వకూడదు. మూర్ఛ వచ్చే కుక్క అయితే పశువైద్యుడికి ఆ సంగతి తప్పక చెప్పాలి, ఈ తరగతి మందులు కొన్ని కుక్కల్లో ఫిట్స్ తెప్పించవచ్చు. కుక్కను తూకం వేయించి ఆ బరువుకు తగిన మాత్రే కొనండి. పెద్ద మాత్ర కొని రెండు కుక్కలకు విరిచి పెట్టడం పొదుపు కాదు, ఏ ముక్కలో ఎంత మందు పడిందో చెప్పలేం.

కరవకముందే తరిమే గుణం ఫ్లూమెత్రిన్ ఉన్న మెడపట్టీలకు, పర్మెత్రిన్ ఉన్న, చర్మం మీద వేసే చుక్కల మందులకు ఉంది. ఎర్లీకియా గంటల్లో చేరగలదని చెప్పాను కదా, అందుకే పిడుదుల బెడద ఎక్కువున్న ఇంట్లో మాత్రకు తోడు మెడపట్టీ కూడా వేయవచ్చా అని వైద్యుడిని అడగడం నా దృష్టిలో న్యాయమైన ప్రశ్న. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం పర్మెత్రిన్ ఆ గడప తొక్కకూడదు. కుక్క ఒంటి మీది తడి మందు తగిలినా పిల్లి ప్రాణానికి ముప్పు.

మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు చవకైన దారి. వెంట్రుకలు పాయదీసి, భుజాల మధ్య కుక్క నాకలేని చోట చర్మం మీదే వేయాలి. వేయడానికి రెండు రోజుల ముందు, వేసిన రెండు రోజుల దాకా స్నానం వద్దు. కొన్ని ప్రాంతాల్లో పిడుదులు దీనికి లొంగడం తగ్గింది కాబట్టి, సరిగా వేసినా రక్తం తాగి ఉబ్బిన పిడుదులు కనిపిస్తూనే ఉంటే మందు మార్చాలి.

నీళ్లలో కలిపి పూసే అమిట్రాజ్ పాత మందు, పనిచేస్తుంది, కానీ కొలత తప్పితే కుక్క మత్తుగా కూలబడుతుంది. చిన్న కుక్కపిల్లలకు, మధుమేహం ఉన్న కుక్కలకు వాడకూడదు. ఆరేదాకా నాకనివ్వకూడదు. గొర్రెలకు, బర్రెలకు తెచ్చిన డెల్టామెత్రిన్ సీసా నుంచి అంచనాగా కలిపి కుక్కకు పోయడం పల్లెల్లో మామూలైపోయింది. పశువుల కోసం తెచ్చిన ఐవర్‌మెక్టిన్ సూదిమందును కుక్కకు వేయడమూ అంతే. కొన్ని జాతుల కుక్కలకు అది నేరుగా మెదడు మీద దెబ్బ కొడుతుంది. అన్నిటికన్నా ఘోరం వేరుశనగకు, పత్తికి కొట్టే పురుగుమందును నీళ్లలో కలిపి కుక్కకు పోయడం. నోట నురగ, వణుకు, ఊపిరాడకపోవడం గంటల్లో వస్తాయి. ఇలా ఎవరైనా చేయబోతుంటే దయచేసి ఆపండి. వేపనూనె వాసనకు కొన్ని పిడుదులు తప్పుకోవచ్చుగానీ జబ్బు నుంచి కాపాడేంత శక్తి దానికి లేదు.

మందు మరుపు రాకుండా ఒక సులువు. నెలవారీ మాత్రను అమావాస్యకు ముడిపెట్టండి. మన ఇళ్లలో అమావాస్య ఎప్పుడో క్యాలెండరు చూడకుండానే చెప్పే పెద్దవారు ఉంటారు. అమావాస్య నుంచి అమావాస్యకు ఇరవై తొమ్మిది, ముప్పై రోజులు, మాత్ర ప్రభావం ఉండే నెలకు అది సరిపోతుంది. పన్నెండు వారాల మాత్రకు ఈ లెక్క పనికిరాదు. మూడు అమావాస్యలంటే ఎనభై నాలుగు రోజులు దాటిపోతాయి. దానికి తేదీ రాసి పెట్టుకోవాలి. వేసవి, చలికాలం అని ఆపవద్దు. ఎండాకాలంలో బయట నేల మాడుతున్నా గోడ సందు చల్లగానే ఉంటుంది.

ఐదో పని: ఇంటిని శుభ్రం చేయడం

ఒకే రోజు మొదలుపెట్టాలి: ఇంట్లో ఉన్న కుక్కలన్నిటికీ మందు, అదే రోజు ఇంటికి మందు. ఒక కుక్కను వదిలేస్తే అదే మిగతావాటికి పిడుదులను పెంచి ఇస్తుంది.

కుక్క పడుకునే గోనెసంచిని కాల్చేయండి. పాత దుప్పటి అయితే మరిగే నీళ్లలో నానబెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో వేడెక్కిన బండ మీద పరవండి. నులక మంచాన్ని బయటికి తెచ్చి పట్టెల కీళ్లలో, కోళ్ల రంధ్రాల్లో మరిగే నీళ్లు పోయండి. తర్వాత గట్టి చీపురుతో గోడలు పైనుంచి కిందికి, మూలలు, గడప కింద ఊడ్చి, ఆ చెత్తను దిబ్బలో వేయకుండా కాల్చండి. వ్యాక్యూమ్ క్లీనరు ఉంటే మరీ మంచిది, సంచిని వెంటనే ఖాళీ చేయాలి.

ఆపైన ఇళ్లలో వాడటానికి అనుమతి ఉన్న సైపర్‌మెత్రిన్ లేదా డెల్టామెత్రిన్ స్ప్రేను సీసా మీద రాసిన కొలతకు కలిపి, సందుల్లోకి దిగేలా కొట్టాలి. నేలంతా తడపడం వృథా. తలుపు చట్రాలు, మెట్ల కింద, అరుగు అంచు, వసారా బండల కీళ్లు, దూలాల చివర్లు ముఖ్యం. కొట్టేటప్పుడు, పూర్తిగా ఆరేదాకా పిల్లలు, కుక్కలు, పిల్లులు, కోళ్లు బయట ఉండాలి. చేపల తొట్టె ఉంటే గది మార్చండి, ఈ మందులు చేపలకు విషం. స్విచ్ బోర్డుల్లోకి స్ప్రే కొట్టవద్దు. గడ్డివాము పక్కన, కొట్టంలో బ్లోల్యాంపుతో కాల్చే సాహసం వద్దు.

గుడ్లకు స్ప్రే అంతగా ఎక్కదు. అవి పగిలి పిల్లలు వచ్చాక మళ్లీ కొట్టాలి. రెండు మూడు వారాలకోసారి, మొత్తం మీద మూడు నాలుగు నెలలు సాగాలి. రెండో నెలలో ఒక్కసారిగా చిన్న చిన్న పిడుదులు గోడ మీద కనిపించి గుండె జారుతుంది. అది ఓటమి కాదు, పాత గుడ్లు పగిలాయంతే. అప్పుడే ఆపేస్తే పడిన శ్రమంతా వృథా.

పిడుదులు తగ్గాక బండల సందులను సిమెంటుతో పూడ్చేయడం శాశ్వతమైన మేలు. ఒక్కసారి అయ్యే ఖర్చే, పైగా తేళ్లకూ జెర్రులకూ చోటు లేకుండా పోతుంది. సున్నం కొట్టించడం మంచిదేగానీ సున్నం పలుచటి పొర పగుళ్లను మూయదు. ముందు పూడ్చి, తర్వాత కొట్టించండి. ఇంటి చుట్టూ గడ్డి కోసి, గోడను ఆనుకుని పేర్చిన రాళ్లను, కట్టెలను దూరం జరపండి. వీధికుక్కలు గేటు దగ్గర పడుకుంటే అక్కడ కూడా స్ప్రే కొట్టాలి. వాటికి అన్నం పెట్టేవారు పశువైద్యుడిని అడిగి, బరువు అంచనాకు తగిన మాత్రను కోడి ముక్కలో పెట్టి ఇవ్వగలిగితే మీ కుక్కకూ వీధికీ మేలు.

ఆరో పని: జబ్బును తొలినాళ్లలోనే పట్టుకోవడం

పిడుదు కరిచిన వారం నుంచి మూడు వారాల మధ్య ఎర్లీకియోసిస్ తొలి గుర్తులు రావచ్చు. గిన్నెలో అన్నం అలాగే ఉండిపోతుంది, పిలిస్తే తోక ఊపుతుందిగానీ లేవదు, జ్వరం వస్తుంది. కుక్క మామూలు ఉష్ణోగ్రతే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది కాబట్టి చేత్తో తాకి జ్వరం అనుకోవద్దు. డిజిటల్ థర్మామీటరు కొసకు వాజలీన్ రాసి మలద్వారంలో పెట్టి చూడాలి. 103 దాటితే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. ఆరోగ్యంగా ఉంటే గులాబీరంగులో ఉంటాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. తెల్లగా పాలిపోయి ఉంటే రక్తం తగ్గిందని. పొట్ట కింద వెంట్రుకలు లేని చోట ఎర్రటి సూది చుక్కల్లాంటి మచ్చలు, ముక్కు నుంచి రక్తం కారడం ప్లేట్‌లెట్లు పడిపోయిన గుర్తులు. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే బెబీసియాను అనుమానించాలి. వీటిలో ఏది కనిపించినా రేపటికి వాయిదా వేయవద్దు.

తొలి జ్వరం దానంతట అదే తగ్గిపోవడం ఈ జబ్బులోని మోసం. కుక్క మళ్లీ తింటుంది, ఆడుతుంది, సూక్ష్మజీవి మాత్రం లోపల నెలలు, ఏళ్లు ఉండిపోతుంది. తర్వాత ఒకరోజు ముక్కు నుంచి రక్తంతో బయటపడినప్పుడు ఎముక మజ్జే దెబ్బతిని ఉండవచ్చు. ఆ దశలో బతికించడం కష్టం. అందుకే పిడుదులు పట్టిన కుక్కకు రెండు రోజులు నీరసంగా ఉన్నా రక్తపరీక్ష చేయించండి: ప్లేట్‌లెట్ల లెక్క, రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూడటం, వీలుంటే యాంటీబాడీ కిట్టు. జిల్లాలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. దగ్గరి పశువైద్యశాలలో పరీక్ష కుదరకపోతే అక్కడ అడగవచ్చు.

చికిత్స వైద్యుడి పని. ఇంట్లో మనం చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఎర్లీకియోసిస్‌కు సాధారణంగా డాక్సీసైక్లిన్ మాత్రలు నాలుగు వారాలు ఇస్తారు. రెండు మూడు రోజుల్లోనే కుక్క హుషారవుతుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు. ఆపకండి. మాత్రను పాలతో, పెరుగన్నంతో ఇవ్వవద్దు, పాలలోని కాల్షియం మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. మామూలు అన్నంలో కోడి ముక్కతో పెట్టి, తర్వాత నీళ్లు తాగించండి. పొడి మాత్ర గొంతులో ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. జ్వరానికని ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వేయవద్దు. మనకు మేలు చేసేవే కుక్క కాలేయాన్ని, కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్న కుక్కకైతే కడుపులో రక్తస్రావం కూడా కావచ్చు. కోర్సు పూర్తయ్యాక మళ్లీ రక్తపరీక్ష చేయించండి. ఒకసారి వచ్చి తగ్గినంత మాత్రాన రక్షణ రాదు, మళ్లీ పిడుదు కరిస్తే మళ్లీ వస్తుంది. దీనికి టీకా లేదు.

కుక్కను అమెరికాకు తీసుకెళ్లేవారికి

ఉద్యోగాలకు న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వైపు వెళ్తూ కుక్కను వెంట తీసుకెళ్లే కుటుంబాలకు లైమ్ వ్యాధి నిజంగానే ఎదురవుతుంది. అక్కడి గుర్తులు వేరు: ఈ రోజు ముందుకాలు కుంటడం, మరో రోజు వెనుక కాలు కుంటడం, కీలు వేడిగా వాచడం, జ్వరం. సోకిన కుక్కల్లో చాలావాటికి ఏ లక్షణమూ కనిపించదు. కొద్దిటిలో మాత్రం మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ కుక్కలకు లైమ్ టీకా దొరుకుతుంది. రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు, తర్వాత ఏడాదికొకటి వేస్తారు. కడపలో ఉండే కుక్కకు దాని అవసరం లేదు. కుక్క నుంచి మనిషికి లైమ్ నేరుగా అంటదు, ఇద్దరికీ కరిచేది పిడుదే.

బయలుదేరే ముందు ఇక్కడే ఎర్లీకియా పరీక్ష చేయించి, మాత్ర వేయించి, పెట్టెలో పరిచే దుప్పటిని కొత్తది కొనండి. మన గోడల పిడుదు విమానమెక్కితే అక్కడి ఇంట్లోనూ సంసారం పెడుతుంది. అక్కడికి చేరాక చూడవలసిన చోటు మారుతుంది. ఇక్కడ గోడ, అక్కడ పెరటి అంచున పెరిగిన గడ్డి, చెట్ల కింద తడిసిన ఆకుల గుట్ట. షికారు నుంచి వచ్చిన ప్రతిసారీ కుక్కను తడిమి చూడండి, అక్కడి పిల్ల పిడుదు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. చలికాలం వచ్చిందని మాత్ర ఆపవద్దు. మంచు కరిగి నాలుగైదు డిగ్రీల వెచ్చదనం ఉన్న ఏ రోజైనా ఇక్సోడిస్ పిడుదు బయటికొస్తుంది.